ఓడ మీద మస్టర్

పకోడీ పోయిందంటే జనం వచ్చేశారని అర్థం. ఈ సంగతి నాకు పాపికొండల లాంచీ నేర్పింది. ఆగిపోయిన లాంచీలు మళ్లీ నడవడం మొదలుపెట్టిన కొత్తలో మేం భద్రాచలం మీదుగా వెళ్లి ఎక్కాం. పొద్దున ఉప్మా పెట్టారు, మధ్యాహ్నం అన్నం పెట్టారు, తిరిగి వచ్చేటప్పుడు వేడివేడి పకోడీ పొట్లాలు కట్టి ఒక్కొక్కరి చేతిలో పెట్టారు. ఎక్కేవాళ్లు లేరు గనక మమ్మల్ని పెళ్లివారిని చూసుకున్నట్టు చూసుకున్నారు. ఆ మర్యాదకు పొంగిపోయి తర్వాతి ఏడు మళ్లీ వెళ్లాం. లాంచీలో కాలు పెట్టడానికి చోటు లేదు. టికెట్టు పెరిగింది. కొండలన్నీ చూసి రేవు దగ్గరికి వచ్చేస్తున్నా పకోడీ జాడ లేదు. ఉండబట్టలేక టీ పోస్తున్న మనిషిని అడిగాను.

"అది పాత ప్యాకేజీల ఉండె మేడమ్. ఇప్పుడు పబ్లిక్ మంచిగనే వస్తున్నరు గదా" అన్నాడు, పబ్లిక్‌లో ఒకదాన్నయినందుకు తప్పంతా నాదే అన్నట్టు.

అందుకే సముద్రం మీద తిరిగే పెద్ద ఓడ టికెట్ల కోసం నేను ఫోన్లో వేట సాగించిన రోజుల్లో, వాళ్లు ఊరికే ఇస్తామన్న వాటిలో ఒక్కొక్కటీ మాయమైనప్పుడల్లా "ఇంకో పకోడీ పోయిందయ్యా" అని ఇంట్లోంచి కేకేసేదాన్ని. మా ఆయన వాకిట్లోంచే "పోనియ్" అనేవాడు. ఆయనది అంత నిదానం, నాది అంత తొందర. పెళ్లయిన నాటినుంచీ ఇదే వరస.

నేను సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరయ్యాను. మా ఇల్లు ఇల్లందులో. మా ఆయన బొగ్గు గనిలో పనిచేశాడు. మా వైపు గనిని బాయి అంటారు. ఆయన సర్వీసంతా ఆ బాయి లోపలే, భూమి కిందే గడిచింది. ఉద్యోగాలున్నన్నాళ్లూ ఆయన ఇంట్లో ఉంటే నేను డ్యూటీలో, నేను ఇంట్లో ఉంటే ఆయన బాయిలో. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఎటైనా పోయిన సందర్భాలు చాలా తక్కువ. రిటైరయ్యాక ఆ లోటు తీర్చుకుని తీరాలని నా పట్టుదల.

ఓడ పిచ్చి నాకు అంటించింది మధిర సిస్టరు. ఇద్దరం ఒకే దవాఖానాలో పనిచేశాం. నర్సులం గనక నాకు ఆమె సిస్టరే, వయసులో చిన్నది గనక ఆమెకు నేను అక్కను. కరోనా తగ్గి ఓడలు ఖాళీగా తిరుగుతున్న రోజుల్లో చెన్నైలో ఎక్కి, సముద్రంలో షికారు కొట్టి వచ్చింది. ఒకరి టికెట్టు కొంటే రెండోవాళ్లకు సగమే తీసుకున్నారట. ఓడలో ఖర్చు పెట్టుకోమని వాళ్లే కూపన్లిచ్చారట. చిన్న గదికి డబ్బు కడితే పెద్ద గది చేతిలో పెట్టారట.

"ఎన్నిసార్లు తిన్నా ఎవరూ అడగరక్కా. మనమే సిగ్గుపడి ఆపెయ్యాలి" అంది ఫోన్లో.

ఆ రోజు నేను పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన ఏమీ అనకుండా తిన్నాడు గానీ ఓడ మాటకు మాత్రం "నీళ్ల మీద ఏముంటదే? నీళ్లే గదా" అనేశాడు. నేను వదిలే రకాన్ని కాను. అన్నం దగ్గర, టీ దగ్గర, చర్చికి నడిచే దారిలో, ఎక్కడ దొరికితే అక్కడ ఓడ తెచ్చేదాన్ని. ఒకనాడు పెరట్లో మల్లెపాదుకు నీళ్లు పెడుతూ తనంతట తానే అడిగాడు.

"ఆ ఓడ మీద నిలవడి జూస్తే ఏం కానొస్తది?"

"సముద్రం."

"అడ్డం ఏముండదా?"

"ఏముంటది అడ్డం?"

"గుట్ట?"

"ఉండదు."

"చెట్టు గూడ ఉండదా?"

"సముద్రంల చెట్టేందయ్యా!" అన్నాను.

ఆయన పైపు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పాదు నిండి నీళ్లు పెరడంతా పారుతున్నా చూసుకోలేదు. మా ఊరి చుట్టూ అడవి, అడవి నిండా గుట్టలు. ఇక ఆయన పనిచేసిన చోటయితే చెయ్యెత్తితే కప్పు తగిలేది. ఏ అడ్డమూ లేని చోటు ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాడని నాకు తెలిసిపోయింది. "అయితే ఒక్కసారి జూద్దాం" అన్నాడు చివరికి. సంతోషం పట్టలేక నేను ఆ నీళ్లలోనే గంతులేశాను. పక్కింటావిడ గోడ మీదుగా చూసి ఏమైందని అడిగింది కూడా.

అయితే అప్పటికే ఆలస్యమైపోయింది. దేశమంతా నాలాగే సంచులు సర్దుకుని బయల్దేరినట్టుంది. మొదట రెండోవాళ్లకు సగం ధర అన్నది పోయింది. తర్వాత కూపన్లు పోయాయి. ఉచిత వైఫై పోయింది. చిన్న గదికి పెద్ద గది ఇవ్వడం కూడా పోయింది. పోయిన చోటల్లా ఎర్రక్షరాలతో 'త్వరపడండి' అని వచ్చేది. నేను త్వరపడేదాన్నే గానీ, ధర దిగుతుందేమోనన్న ఆశ ఒకటి చెయ్యి పట్టుకుని ఆపేది. అంగడిలో పొద్దుగూకేదాకా ఆగితే టమాటా ధర దిగుతుంది. ఓడ టికెట్టుకు ఆ మర్యాద తెలియదు. ఆగినకొద్దీ ఎక్కింది. ఒక ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు చూసిన ధర తిరిగొచ్చేసరికి లేదు.

చేసేది లేక స్త్రీల కూడికలో ప్రార్థన అంశంగా పెట్టాను. "ఒక ప్రయాణం విషయం" అని మాత్రం చెప్పాను, ఓడ షికారుకు ప్రార్థన అడగడానికి సిగ్గేసి. ప్రయాణమనగానే అందరూ యెరూషలేమనే అనుకున్నారు. ఒక పెద్దమ్మ నా చేతులు రెండూ పట్టుకుని "నాకు యొర్దాను నీళ్లు ఒక సీసాల తీస్కరా బిడ్డా" అంది. ఇక దాచలేక అసలు సంగతి చెప్పేశాను. ఆమె పట్టుకున్న చేతులు వదలకుండానే, "ఊకె తిరగనీకి పోయినా దేవుడు తోడుండాలె గదా" అని ప్రార్థన చేసే పెట్టింది.

ఆ వారమే టికెట్టు తీశాను. గదులు మూడు రకాలు కనిపించాయి: బాల్కనీ, ఓషన్ వ్యూ, ఇంటీరియర్.

"బాల్కనీ ఎందుకే, నేల టికెట్ ఉంటే జూడు" అన్నాడు మా ఆయన. ఓడ కూడా ఆయనకు ఇల్లందు సినిమా హాలు లెక్కనే ఉంది.

మా డబ్బుకు అందేది ఇంటీరియర్ ఒక్కటే. ఆ మాట నాకు బాగా తెలుసనుకోవడమే నా కొంప ముంచింది. మా ఉద్యోగాల్లో ఇంటీరియర్ అంటే అడవి లోపలి ఊరు. గుండాల మండలం అవతల వాగులు దాటి, టీకాల డబ్బా భుజాన వేసుకుని, వచ్చీరాని కోయ మాటలతో, మిగతా సగం సైగలతో పని చేసుకొచ్చిన ఊళ్లన్నీ ఇంటీరియరే. ఓడలో అడవి ఉండదు గనక ఆ అర్థం కాదని తేల్చుకున్నాను. ఇక రెండోది. మా పక్కింటివాళ్లు కొత్తగా ఇల్లు కట్టి, ఇంటీరియర్ చేయించామని వీధంతా పిలిచి చూపించారు. ఫాల్ సీలింగు, అందులోంచి నీలం లైట్లు, గోడలకు అద్దాల అల్మారాలు. అంత హంగు చేయించిన గదిని మిగతావాటికన్నా తక్కువకెందుకు ఇస్తున్నారో ఆ ఓడవాళ్లు, పాపం అమాయకుల్లా ఉన్నారు అనుకున్నాను. వాళ్లకు తెలివి రాకముందే తీసుకోవాలని టక్కున నొక్కేశాను. మానుకుంటే డబ్బు తిరిగి ఇవ్వమన్న ముక్క అడుగున చిన్నక్షరాల్లో ఉంది.

గెలిచినంత సంబరంగా మధిరకు ఫోన్ చేశాను.

"ఇంటీరియరా?" అంది సిస్టరు. "అక్కా, దానికి కిటికీ ఉండదక్కా! ఓడ కడుపులో ఉంటుంది ఆ గది. తలుపేస్తే పగలో రాత్రో కూడా తెలియదు."

ఫోన్ పెట్టేశాను. కిటికీ లేకపోతే నాకేం కాదు, నేను ఎక్కడ పడుకోబెడితే అక్కడ గురక పెట్టే మనిషిని. మా ఆయన సంగతి వేరు. మా ఇంట్లో ఆయన మంచం పక్క కిటికీ మూసి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. వాన జల్లు పడనీ, చలికి పళ్లు కొట్టుకోనీ, అది తెరిచే ఉండాలి. చుట్టాలింటికి పోయినా ముందు కిటికీ ఎక్కడుందో చూసి దాని కిందే చాప వేసుకుంటాడు. ఒకసారి బాయిలో కప్పు కూలి దారి మూసుకుపోయింది. ఆయనా, తోటివాళ్లూ అవతల చీకట్లో ఉండిపోయారు. తవ్వి తీసేదాకా నేను బాయి గేటు దగ్గర నిలబడే ఉన్నాను. దేవుడి దయ, అందరూ బతికి బయటపడ్డారు. తర్వాత కూడా నాగా పెట్టకుండా, అంటే ఒక్కరోజు మానకుండా, డ్యూటీకి పోయాడు. ఆ రోజు గురించి ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు, నేనూ గుచ్చిగుచ్చి అడగలేదు. కిటికీ మాత్రం ఆనాటి నుంచి మూయనివ్వలేదు. అలాంటి మనిషికి చెట్టు కూడా అడ్డం లేని చోటు చూపిస్తానని ఆశపెట్టి, తీరా తీసుకెళ్లి మూసిన డబ్బాలో పెట్టబోతున్నానని నా మీద నాకే మండిపోయింది.

వెంటనే ఓడవాళ్ల ఆఫీసుకు ఫోన్ చేశాను. తెలుగు మాట్లాడే పిల్లే దొరికింది.

"ఫ్రీగా గది మార్చే ప్రమోషన్ అయిపోయింది మేడమ్" అంది.

"నా సర్వీసుల నాకు రావాల్సిన ప్రమోషన్ గూడ గిట్లనే అయిపోయిందమ్మా. ఇదైనా జర చూడరాదూ?"

ఆ పిల్ల పకపకా నవ్వింది. నవ్వడం అయ్యాక కూడా లేదనే చెప్పింది. పోనీ పైన డబ్బు కడతానంటే, కిటికీ ఉన్న గదులన్నీ నిండిపోయాయంది. నిండుతాయి మరి, పబ్లిక్ మంచిగనే వస్తున్నరు గదా.

మధ్యాహ్నం అన్నం దగ్గర మా ఆయనకు చెప్పేశాను. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"అస్సలే ఉండదా?"

"అస్సలే."

"బయటికి దారి?"

"తలుపుంటది గదా."

"గది దాటినంక? పైకెక్కనీకి ఒక్కటే దారా, రెండున్నయా?"

నాకేం తెలుసు? "నీకు వద్దంటే మానేద్దాం. పైసలు పోతే పోనీ" అన్నాను. పైసలు పోతే పోనీ అనడం నా జన్మలో అదే మొదలు. ఆయన నన్ను వింతగా చూసి, "పోదాం తియ్. పొద్దంత పైన్నే ఉందాం" అన్నాడు. నా సంబరం చెడగొట్టడం ఇష్టంలేక అలా అంటున్నాడని మొహంలోనే కనబడుతోంది. లోపల నాకు దిగులే, కానీ నిజం చెప్పొద్దూ, బట్టలు సర్దుకుంటుంటే మళ్లీ ఉత్సాహం ముంచుకొచ్చింది.

ఖమ్మంలో రైలెక్కాం. మధిరలో బండి ఆగిన కాసేపట్లోనే సిస్టరు ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకొచ్చి, స్లీపరు పెట్టె కిటికీలోంచి ఒక పొట్లం లోపలికి తోసింది. పట్టుకుంటే చెయ్యి కాలింది.

"ఓడలో ఇవ్వరుగా అక్కా, అందుకని!" అంది రొప్పుతూ.

పకోడీ! లాంచీ కథ ఆమెకు ఫోన్లో ఎప్పుడో చెప్పాను. బండి కదిలేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

చెన్నై రేవులో ఓడను చూడగానే నాకు మాట పడిపోయింది. నాకు మాట పడిపోవడం మా ఆయనకు కొత్త, కంగారుపడి నీళ్ల సీసా అందించాడు. అంతస్తు మీద అంతస్తు, తెల్లగా, ఒక కొస నుంచి చూస్తే రెండో కొస కనబడదు. "ఓరి దేవుడా, దీన్ని నీళ్లెట్ల మోస్తున్నయయ్యా!" అని అరిచేశాను. లైన్లో ముందున్నవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. చూడనీ, టికెట్టు అందరితోపాటే కొన్నాను. లోపలికి వెళ్లేటప్పుడు మనిషికొక కార్డిచ్చి మెడలో వేసుకోమన్నారు. ఎక్కినా దిగినా అది మిషనుకు చూపించాలి.

మా ఆయన కార్డును అటూఇటూ తిప్పి చూసి, "మా బిళ్ల లెక్కనే ఉన్నది" అన్నాడు. బాయిలో దిగేముందు లైట్ల రూములో తలకు పెట్టుకునే లైటు తీసుకుని, తన నంబరున్న బిళ్ల అక్కడి బోర్డుకు తగిలించి పోయేవారు. పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ల తీసుకునేవారు.

తర్వాత గది. ఫాల్ సీలింగు నిజంగానే ఉంది, నీలం లైటు కూడా ఉంది. ఎదుటి గోడకు నిలువునా ఒక పరదా వేలాడుతోంది. దాన్ని చూడగానే మా ఆయన మొహం విప్పారింది. "ఉన్నది గదనే కిటికీ!" అని గబగబా వెళ్లి పరదా పక్కకు లాగాడు. వెనక అద్దం ఉంది. అద్దంలో ఆయనే ఉన్నాడు. పరదా మళ్లీ మెల్లగా మూసేసి, తలుపు సందులో తన బూటొకటి పెట్టి, అది తెరిచి ఉండేలా చూసుకుని మంచం అంచున కూర్చున్నాడు. ఏడుపొచ్చినంత పనైంది నాకు. ఈ పరదా పెట్టినవాణ్ని పట్టుకుని దులిపెయ్యాలనిపించింది.

సరిగ్గా అప్పుడు మైకులో ఇంగ్లీషులో ఏదో చెప్పారు. నాకు ఒక్క ముక్క అందలేదు గానీ మా ఆయన దిగ్గున లేచాడు.

"మస్టర్ అంటున్నరు. లే, లే!"

"ఓడల మస్టర్ ఏందయ్యా?"

"మస్టర్ యాడైనా మస్టరే. జల్దీ నడువు, మస్టర్ పడకపోతే నాగా రాస్తరు."

బాయిలో హాజరు వేయించుకోవడాన్ని మస్టర్ పడడం అంటారు. మస్టర్ పడితేనే ఆ రోజు డ్యూటీ చేసినట్టు. రిటైరై ఇన్నాళ్లయినా ఆ మాట వింటే ఆయన కాళ్లు ఆగవు. చొక్కా లోపలికి దోపుకుని, తల దువ్వుకుని, తలుపు సందులోంచి బూటు లాగి తొడుక్కుని బయల్దేరాడు. జనమంతా ఇంకా ప్లేట్లు పట్టుకుని తింటున్నారు. ఓడవాళ్లు చేత్తో చూపించిన చోటికి అందరికన్నా ముందు చేరింది మేమే. తెల్ల యూనిఫాం వేసుకున్న అమ్మాయి నవ్వుతూ ఆయన కార్డు మిషనుకు చూపించింది. అది కీచుమంది.

"పడ్డదా?" అని అడిగాడు తెలుగులోనే. ఆ అమ్మాయికి ఏం అర్థమైందో గానీ బొటనవేలు ఎత్తి చూపించింది.

ఓడవాళ్ల మస్టర్ జీతానికి కాదు. ప్రమాదమేదైనా జరిగితే ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు రాలేదో చూసుకోవడానికట. తర్వాత వచ్చిన జనానికి కూడా లైఫ్ జాకెట్టు ఎలా వేసుకోవాలో, ఏ మెట్లు ఎక్కి రావాలో చూపించారు. మా ఆయన కళ్లార్పకుండా చూశాడు. అంతా అయ్యాక మా గదికి పోయే మెట్లు ఏవో, అవి మూసుకుపోతే రెండో దారి ఏదో సైగలతో అడిగి తెలుసుకున్నాడు. తెలుసుకుని ఊరుకున్నాడా? రెండు దారులూ ఎక్కించాడు, దింపించాడు. నా మోకాళ్లు లబోదిబోమన్నాయి. "ముసలితనంల ఇదేం డ్యూటీ నాకు!" అని గొణుక్కుంటూనే ఆయన వెనక తిరిగాను. ఆయన నడకలో హుషారు చూస్తుంటే నాకు లోపల్లోపల సంతోషంగానే ఉంది.

గదికి వచ్చాం. ఈసారి తలుపుకు బూటు అడ్డం పెట్టలేదు. తలుపు దానంతటదే మూసుకుంది.

"జర నడుం వాలుస్త. లైటు తీసెయ్" అన్నాడు.

"ఉండనీలే."

"తీసెయ్యే."

తీశాను. అంత చీకటి నేనెన్నడూ చూడలేదు. నా చెయ్యి నాకే కనబడలేదు. నాకే భయం వేసింది. స్విచ్చు మీద వేలు తియ్యకుండా ఆయన ఊపిరి వింటూ నిలబడ్డాను.

"ఆనాడు బోర్డు మీద మా బిళ్లలు మిగిలినయ్" అన్నాడు. మొదట ఏ రోజు గురించో అర్థం కాలేదు. "షిఫ్ట్ అయినంక లైట్ల రూముల జూసిండ్రు. బిళ్లలు మిగిలినయంటే మేం ఎక్కలేదని తెలిసింది. గందుకే తవ్విండ్రు. లోపల మాకు తెలుసు, బిళ్లలు జూస్తరు, ఒస్తరు అని."

గొంతు మామూలుగానే ఉంది. ఇన్నేళ్లలో ఆ రోజు గురించి ఆయన చెప్పింది ఇదే. నేను గోడ పట్టుకుని మంచం మీద కూర్చున్నాను.

"ఈడ గూడ మస్టర్ పడ్డది గదా. మనం కింద ఉన్నమని పైన తెలుసు. నువ్వు గూడ ఒరుగు" అన్నాడు. కాసేపటికి గురక వినిపించింది.

కిటికీ కోసం ఎంత కొట్టుకున్నాను! ఫోన్లో ఆ పిల్లను ఎంత బతిమాలాను! ఆ చీకట్లో నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, రెండూ ఆపుకోలేదు.

అంతలో, బాయిలో షిఫ్టు అయిపోతే మోగే సైరన్‌లాగా ఓడ కూత పెట్టింది. మంచం, గోడలు, నా గుండె అన్నీ అదిరాయి. కూతకు ఉలిక్కిపడి లేస్తాడేమో, లేవగానే ఈ చీకటి చూసి ఏమైపోతాడోనని స్విచ్చు కోసం తడుముకున్నాను. నా చేతికి స్విచ్చు దొరకలేదు, ఆయన చెయ్యి దొరికింది.

"షిఫ్ట్ అయిపోయింది. పా, పైకి పోదాం" అన్నాడు నిద్ర గొంతుతోనే.

చీకట్లో తలుపు దగ్గరికి ఆయనే నన్ను నడిపించాడు. మెట్లు ఎక్కి పైకి వచ్చేసరికి ఎండ ఇంకా ఉంది, గాలి నా కొంగును లాగేస్తోంది, చెన్నై మెల్లగా వెనక్కి జరుగుతోంది. ఊరు చిన్నదై, గీతయి, చివరికి ఏమీ కనబడకుండా పోయేదాకా రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. మా ఆయన ఒకసారి చుట్టూ తిరిగి చూశాడు. ఎటు చూసినా నీళ్లూ, ఆకాశమే.

"నిజంగనే చెట్టు గూడ లేదే!" అన్నాడు.

అని, అప్పటికీ నమ్మకం కుదరనట్టు, "ఆ దిక్కు గూడ జూసొద్దాం పా" అంటూ అవతలి వైపుకు బయల్దేరాడు. నేను మోకాళ్ల సంగతి మరిచిపోయి ఆయన వెనకే పరుగెత్తాను.